పద్యం నిలిచింది, మాట పోయింది

విశాఖపట్టణంలో ధార అన్న మాటతో ముగిసే పేటలు కొన్ని ఉన్నవి. మాధవధార, సీతమ్మధార అట్టివే. కొండవాలున దిగివచ్చే నీటిని తలపించే పేర్లివి. నేటి సీతమ్మధారలో మేడలు, దుకాణాలు, మోటారుబండ్ల రొద తప్ప వేరొకటి వినబడదు. అయినను మా వీధికి ఒక భాగ్యం ఉండేది. ప్రతిదినం తెల్లవారక ముందే ఒక ఇంటి వసారాలో నుండి పద్యం వినిపించేది. ఉన్నత పాఠశాలలో ఏండ్ల తరబడి తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన మాస్టారు ఆయన. ఆయన శిష్యులలో నేనొకడిని. ఆ పద్యమే మా వీధికి గడియారం.

ఒకనాటి వేకువను పద్యం నడుమ ఆగిపోయింది. మాస్టారి కుడిచేతిలోని పుస్తకం జారి క్రిందపడింది. మూతి ఒకవైపుకు ఒరిగింది. పిలిస్తే చూస్తున్నారు, అడిగినది తెలుస్తున్నది, బదులు చెప్పబోతే మాట రాదు. తలస్నానం చేసి చలిగాలిలో కూర్చున్నారు, అదే కారణమని ఒకరన్నారు. అరికాళ్ళకు నూనె మర్దించారు. కాసేపు పడుకోనిస్తే సర్దుకుంటుందని మరికొందరన్నారు. ఆ మాట అన్నవారిలో నేనూ ఒకడిని. పుస్తకం జారినది అయిదున్నర గంటలకు. ఆసుపత్రికి చేర్చేసరికి పదకొండు దాటింది.

ఆ సాయంకాలం మంచం ప్రక్కన ఒక వింత జరిగింది. ఆయనకు మిక్కిలి ఇష్టమైన పోతనగారి పద్యం మొదటి పాదం నేను మెల్లగా ఎత్తుకొన్నాను. రెండవ పాదం మాస్టారు అందుకొన్నారు! చివరివరకు ఒక్క అక్షరం తప్పకుండ చదివారు. పద్యం ముగిసింది. “మంచినీళ్ళు కావాలా మాస్టారూ?” అని అడిగాను. కావాలని తల ఊపారు. కాని ‘నీళ్ళు’ అన్న రెండక్షరాలు ఆయన నోట రాలేదు.

చూడవచ్చినవారు దైవలీల అనుకొన్నారు. ఆయన మనుమరాలు మాత్రం అట్లా అనుకోలేదు. ఆ అమ్మాయి వైద్యవిద్యలో మొదటి సంవత్సరం చదువుతున్నది. “తాతగారి నాలుకకు ఏమీ కాలేదండీ. తెలివీ పోలేదు. ఎడమవైపు మెదడులో మాటను కూర్చే చోటికి రక్తం అందలేదు. అందుకే కుడిచెయ్యి కూడ పడిపోయింది,” అన్నది. స్కానింగులో తేలినదీ అదే.

పుర్రె తెరచి చూడకుండ, లోపల చెడినది ఏ చోటో ఒక చిన్నపిల్ల ఎట్లా చెప్పగలిగింది? ఈ ప్రశ్నకు సమాధానం మానవజాతి మూడువందల యాభై ఏండ్లకు పైగా పడిన శ్రమలో ఉన్నది.

మెదడు బరువు ఇంచుమించు 1,300 నుండి 1,400 గ్రాములు. శరీరం బరువులో నూటికి రెండు పాళ్ళు. కాని శరీరం వాడే ప్రాణవాయువులో అయిదవ వంతు దీనికే కావాలి. పైన కనబడే మడతలను సాపుచేసి పరిస్తే ఒక దినపత్రిక పుట పరచినంత ఉంటుంది. అంత విశాలమైన పొరను గుప్పెడు పుర్రెలో ఇమడ్చడానికే ప్రకృతి మడతలు పెట్టింది. ఇందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నవని 2009లో వెలువడిన ఒక పరిశోధన లెక్కకట్టింది. వాటిలో ఎక్కువ భాగం వెనుకనున్న చిన్నమెదడులోనే ఉండడం విశేషం.

ఇంతటి అవయవాన్ని చదవడం ఏల ఆలస్యమయింది? అది మిక్కిలి మెత్తనిది గనుక. మన సుశ్రుతుడు శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, తరువాత కుంచెతో పొరపొరగా రుద్ది చూడమన్నాడు. చర్మం, కండరాలు, కీళ్ళు తెలుసుకోవడానికి అది పనికివచ్చే పద్ధతే. కాని తాటిముంజెవలె మెత్తనైన మెదడు ఏడు రాత్రులు నిలుస్తుందా? 1893లో జర్మనీ దేశీయుడు ఫెర్డినాండ్ బ్లుమ్ ఫార్మాలిన్ ద్రవం కణజాలాన్ని గట్టిపరుస్తుందని గుర్తించిన తరువాతనే విద్యార్థి తీరికగా మెదడును చేతబట్టి, కోసి, మరల మరల చూడడం సులువయింది.

అంతకు పూర్వమే కొందరు మహనీయులు రూపరేఖలు గీశారు. 1664లో ఆక్స్‌ఫర్డులోని థామస్ విల్లిస్ మెదడు నిర్మాణంపై పెద్ద గ్రంథం వెలువరించాడు. దానికి బొమ్మలు వేసినవారిలో లండనులోని సెయింట్ పాల్ దేవాలయాన్ని నిర్మించిన క్రిస్టఫర్ రెన్ ఒకడు. మెదడు అడుగున రక్తనాళాలు కూడి ఏర్పరచే వలయం నేటికీ విల్లిస్ పేరనే పిలువబడుతున్నది. ఆ వలయం నుండి ఇరుప్రక్కలకు పెద్ద కాలువలవంటి నాళాలు బయలుదేరుతవి. వాటిలో ఎడమవైపుది మాటను కూర్చే చోటికీ, దాని ప్రక్కనే కుడిచేతిని ఆడించే చోటికీ నెత్తురు పారిస్తుంది. ఒకే కాలువ క్రింద రెండు పొలాలున్నట్లు. కాలువ పూడితే రెండూ ఎండుతవి. మాస్టారికి మాట, చెయ్యి ఒక్కసారే పోవడంలోని మర్మం ఇదే.

ఎడమ మెదడు కుడిచేతిని ఏలడమేమిటని విద్యార్థులు అడగవచ్చు. మెదడు నుండి దిగే నాడీతంతువులలో అధికభాగం, మెదడు వెన్నుపాముతో కలిసే చోటికి పైన, మజ్జాముఖంలో, ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దాటుతవి. అందుచేత దెబ్బ ఒకవైపు, పక్షవాతం రెండవవైపు.

అయితే ఏ గదిలో ఎవరున్నారో ఇంటి గోడలు చెప్పవు. ఆ సంగతి తెలిపినవారు రోగులు. 1861 ఏప్రిల్ నెలలో పారిస్ నగరంలో లెబోర్న్ అనే రోగి మరణించాడు. ఇరవై ఏండ్లకు పైగా అతడు ఆసుపత్రిలోనే ఉన్నాడు. చెప్పినది గ్రహించేవాడు, ఏమడిగినా ‘టాన్’ అన్న ఒక్క ధ్వనితోనే బదులిచ్చేవాడు. పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో చెడిన చోటును చూపించాడు. 1874లో కార్ల్ వెర్నికే దానికి ఎదురుబొదురైన రోగాన్ని వర్ణించాడు. ఆ రోగులు ధారాళంగా మాట్లాడతారు, మాటలకు అర్థముండదు, ఇతరులు చెప్పినది తలకెక్కదు. చెడిన చోటు ఇంకను వెనుక, చెవికి చేరువగా ఉన్నది. ఈ విధంగా ఒక్కొక్కరు కోల్పోయినదాన్ని బట్టి మెదడు పటంలో ఒక్కొక్క ఊరిపేరు చేరింది. కుడిచేతివాటం గలవారిలో నూటికి తొంబదిమందికి పైగా భాష నెలవు ఎడమవైపేనని ఈనాడు తెలుసు.

మరి పద్యం ఎట్లా నిలిచింది? కొత్తగా ఒక మాటను వెదకి, కూర్చి పలకడం వేరు. వేయిసార్లు వల్లెవేసి నోటికెక్కినదాన్ని అప్పగించడం వేరు. ఎక్కాలు, వారాల పేర్లు, ప్రార్థనలు, పాటలు ఈ రెండవ కోవలోనివి. మొదటి దారి తెగినప్పటికీ రెండవది మిగలడం వైద్యులకు చిరపరిచితమే. 1973లో అమెరికాలోని వైద్యులు కొందరు దీనినే ఆసరాగా తీసుకొని, రాగం కలిపి మాటలు తిరిగి నేర్పే చికిత్సను రూపొందించారు.

మన దేశంలో ఈ విద్యకు ప్రత్యేకమైన పీఠాలు వెలసి ఎన్నో ఏండ్లు కాలేదు. 1949లో వెల్లూరులో డాక్టర్ జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో డాక్టర్ బి. రామమూర్తి మెదడు శస్త్రచికిత్సకు శ్రీకారం చుట్టారు. 1951లో భారత నాడీవైద్యుల సంఘం ఏర్పడింది. విశాఖపట్టణంలో 1923లో నెలకొన్న వైద్యకళాశాల 1940లో ఆంధ్ర వైద్యకళాశాల అయింది. దానికి అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. బాలపరమేశ్వరరావుగారు 1950ల దశకంలో మెదడు శస్త్రచికిత్స శాఖను నెలకొల్పారు. స్కానింగు యంత్రం రోగి తలను మొదటిసారి చూపినది 1971లో, ఇంగ్లండులో. అప్పటివరకు వైద్యునికి ఉన్న సాధనాలు ఒక చిన్న సుత్తి, ఒక సూది, ఒక దీపం, పైగా నేర్చుకొన్న శరీర నిర్మాణ శాస్త్రం. మోకాలిపై తట్టి, కనుపాపలో వెలుగు వేసి, నాలుక చాపమని చెప్పి, చెడిన చోటును ఊహించేవారు. యంత్రాలు వచ్చిన తరువాత కూడ ఆలోచనాక్రమం మారలేదు. ‘ఎక్కడ చెడింది?’ అన్నది మొదటి ప్రశ్న, ‘ఏమి చెడింది?’ అన్నది రెండవది. ఎక్కడ చూడాలో తెలియనివానికి యంత్రం చూపినదీ తెలియదు.

ఈ కళాశాలలోనే చదివిన మరొక మహాశయుని తలచుకోవాలి. శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు మెదడుకు కలిగే ఒక కీడును కత్తి పట్టకుండానే అరికట్టే దారి చూపారు. హిమాలయ పాదంలోని కాంగ్రా లోయలో గొంతువాపు రోగం విస్తారంగా ఉండేది. 1956లో ఆయన, సహచరులు అక్కడి ప్రజలకు అయొడిన్ కలిపిన ఉప్పును అందించి ఫలితాలను పరిశీలించారు, వ్యాధి తగ్గింది. గర్భిణికి అయొడిన్ చాలకపోతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా పెరగదు. నిర్మాణం లోపిస్తే పని లోపిస్తుందన్న సూత్రం చిటికెడు ఉప్పులో కూడ ఉన్నదన్నమాట.

ఈ విద్య అంతటికీ మూలధనం ఏది? అపరిచితుల దేహాలు. 2019 నుండి అమలైన దేశీయ వైద్యవిద్యా ప్రణాళికలో మృతదేహమే మొదటి గురువని విద్యార్థులకు బోధించే పాఠం ఒకటి ఉన్నది. బొమ్మలు, కంప్యూటరు చిత్రాలు ఎన్ని వచ్చినా, మడత మడతకు వ్రేలు ఆనించి చూసిన చదువుకు అవి సాటిరావు. ఏ రెండు మెదళ్ళ మడతలూ ఒక్కతీరున ఉండవు. పుస్తకంలోని బొమ్మ మాత్రం అందరికీ ఒక్కటే.

మాస్టారు ఆచారపరులు. మనుమరాలు హాస్టలు నుండి ఆదివారం ఇంటికి వస్తే, పెరటిలో మరల స్నానం చేసిన పిమ్మటనే గడప దాటాలని ఆయన నియమం. శవాన్ని ముట్టిన చేతులని ఆయన బాధ. ఆ పిల్ల ఎన్నడూ ఎదురు చెప్పలేదు. తల తుడుచుకొంటూ నవ్వుతూ లోపలికి వచ్చేది.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక మనవి. ఒకవైపు మూతి ఒరగడం, ఒక చెయ్యి పట్టుతప్పడం, మాట తడబడడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినా అది మెదడుకు రక్తం అందని గుర్తు కావచ్చు. పడుకోబెట్టకండి. నోట ఏమీ పోయకండి. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చండి. రక్తనాళంలో గడ్డను కరిగించే మందు 1995లో పరీక్షలో నెగ్గింది. దానిని రోగం మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇవ్వాలి. అది ఎవరికి తగునో, ఎవరికి తగదో వైద్యులు నిర్ణయిస్తారు. కాని వేళ దాటితే నిర్ణయించడానికే మిగలదు. పెద్ద నాళం పూడినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తవని ఒక లెక్క. మా మాస్టారికి గడువు ఉదయం పది గంటలతో ముగిసింది. ‘కాసేపు పడుకోనివ్వండి’ అన్న నా మాట ఖరీదు ఎంతో ఈ లెక్క చూచిన తరువాత నాకు తెలిసింది.

ఏడు నెలలు గడచినవి. మనుమరాలు వచ్చినప్పుడల్లా మాస్టారి ఎడమచేతిపై మెల్లగా తాళం వేస్తూ మాటలకు రాగం కట్టి పాడిస్తున్నది. ‘నీళ్ళు’ అన్న మాట ఇప్పుడు పద్యం ఎత్తుగడలో వస్తున్నది. ‘అన్నం’ వస్తున్నది. మనుమరాలి పేరు మొన్ననే వచ్చింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ కంట తడిపెట్టారు.

పోయిన ఆదివారం ఆ పిల్ల అలవాటు చొప్పున పెరటివైపు నడవబోయింది. మాస్టారు ఎడమచెయ్యి ఎత్తి ఆపారు. వాకిటి గడప చూపించారు. పిమ్మట బల్లమీది కాగితం ఒకటి తెమ్మని సైగ చేశారు. మరణానంతరం దేహాన్ని వైద్యవిద్యకు ఇచ్చే అంగీకారపత్రం అది. చదివి వినిపించుమన్నట్లు చూశారు. నేను రెండుమార్లు చదివాను. ఒక్కొక్క వాక్యానికి తల ఊపారు. ఎడమచేతితో వంకరటింకరగా సంతకం చేశారు.

సాక్షి సంతకం నేను పెట్టాను. మాస్టారి సహధర్మచారిణి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. ఆ కాగితం ప్రస్తుతం దేవుని పటం వెనుక ఉన్నది. ప్రొద్దున్నే మా వీధిలో మరల పద్యం వినబడుతున్నది. నడుమ నడుమ ఒక కొత్త మాట కూడ.