బండి నిలుచు కాలము

సికింద్రాబాదునుండి కర్నూలునకు పోవు బండి వనపర్తి రోడ్డు విడిచి, కృష్ణను దాటి గద్వాల చేరును. 2013లో రాయచూరు మార్గము కలియుటచే గద్వాల కూడలి యైనది.

ఇట్టి మార్గమున సిగ్నలుల పనిని కంప్యూటరు తెరపై అనుకరించువారు, ప్రతి స్టేషనునను బండి సరిగా రెండు నిమిషములే నిలుచునని వ్రాసికొనుట సులభము; కాని సత్యము కాదు. వృద్ధులు దిగవలెను, మూటలు ఎక్కవలెను. సంత దినమున మఱింత జాగగును. ముందుగా వచ్చిన బండియు నిర్ణీతకాలమునకు పూర్వము కదలరాదు. ఆలస్యముగా వచ్చినదో, జనము ఎక్కి దిగుటకు చాలినంత మాత్రమే నిలిచి, పోయిన కాలమును కొంత రాబట్టుకొనును.

రెండు స్టేషనుల నడుమ ఒక బండికే చోటుండు ఒంటిదారిపై, ఒకటి మూడు నిమిషములు తడసినచో, ఎదురుబండి అవతలి స్టేషనున ఎఱ్ఱదీపము నెదుట వేచియుండవలసినదే. కావున నిలుపుకాలము ఒక్క అంకె కాదు. జనసమ్మర్దమును బట్టియు, వేళలపట్టికను బట్టియు మాఱునది. ఇది మఱచినచో తెరపై బండ్లన్నియు వేళకే నడచును. నేర్చువానికి మాత్రము నిజమైన చిక్కు తెలియకయే పోవును.