మీకు తెలుసా? కారు కబుర్లన్నీ రెండు తీగల మీదే!

ఒకప్పుడు కారులో ఏ పరికరానికి ఆ పరికరానికే విడిగా వైరు లాగాల్సి వచ్చేది. ఎలక్ట్రానిక్స్ పెరిగేకొద్దీ వైర్ల బరువు తడిసి మోపెడైంది. జర్మనీ కంపెనీ బాష్ 1986లో దీనికి విరుగుడుగా ‘క్యాన్’ పద్ధతిని ప్రకటించింది. ఇంజిన్, బ్రేకులు, గేర్‌బాక్స్ కంప్యూటర్లు మెలివేసిన రెండే తీగల మీద మాట్లాడుకుంటాయి.

అసలు చమత్కారం ఇక్కడుంది. ప్రతి సందేశానికీ ఒక నంబరు ఉంటుంది. రెండు ఒకేసారి బయల్దేరితే చిన్న నంబరుదే గెలుపు. రెండోది తగ్గి, తన వంతు కోసం ఆగుతుంది. గెలిచిన సందేశంలో ఒక్క బిట్ కూడా చెడదు.

కానీ ఈ తొలి క్యాన్‌లో ఒక్కో సందేశానికి పట్టేది 8 బైట్లే. కెమెరా దృశ్యాలకు అదేం సరిపోతుంది? అందుకే 2013లో బీఎండబ్ల్యూ ఎక్స్5 కెమెరాలకు ఈథర్నెట్ అనే మరింత వేగమైన పద్ధతి వచ్చింది. ఒకే జత తీగల మీద సెకనుకు 10 కోట్ల బిట్లు! పాత క్యాన్ మాత్రం ఇంకా రిటైర్ కాలేదు.