తడిపలక ఛాయాచిత్రణానికి రేకులు, రసాయనాలు

ఫిల్ము, కాగితం ఏవీ లేకుండా నల్లని లోహపు రేకు మీదనే నేరుగా ఛాయాచిత్రం తీసే పద్ధతి ఒకటి ఉంది. దీనిని తడిపలక పద్ధతి అంటారు. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ దీనిని గాజుపలకల కోసం ప్రకటించాడు. 1853లో ఫ్రాన్సులో మార్టిన్ అనే ఆయన గాజుకు బదులు ఇనుపరేకు వాడవచ్చునని చూపాడు. హైదరాబాదు ఆరవ నిజాము దర్బారు ఛాయాచిత్రకారుడుగా పేరు పొందిన లాలా దీన్ దయాళ్ 1874లో ఈ కళను చేపట్టేనాటికి తడిపలకే ప్రచారంలో ఉండేది. తరువాతి దశకంలో జెలటిన్ పూసిన పొడిపలకలు వచ్చి దానిని వెనుకకు నెట్టాయి. ఈనాడు కొందరు ఔత్సాహికులు ఈ పాత విద్యను మళ్ళీ నేర్చుకొంటున్నారు.

ఇందులో జరిగేది ఇది. అయొడైడు, బ్రోమైడు లవణాలు కలిపిన కొలోడియను అనే జిగురు ద్రవాన్ని రేకు మీద పలుచగా పరుస్తారు. దానిని సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచితే ఆ పొరలో వెలుతురుకు స్పందించే వెండి లవణాలు ఏర్పడతాయి. పొర తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే డెవలప్ చేయాలి. వెలుతురు తగిలినచోట సన్నని వెండిరేణువులు పేరుకొని లేతరంగులో కనిపిస్తాయి. తగలనిచోట రేకు నలుపే నీడగా నిలుస్తుంది. రేకు నల్లగా ఉండవలసిన కారణం ఇదే.

మరి ఏ రేకైనా పనికి వస్తుందా? రాదు. రాగితీగను సిల్వర్ నైట్రేటులో ఉంచితే దానిమీద వెండి పేరుకోవడం విద్యార్థులు చూచే ప్రయోగమే. ఇనుము, తుత్తునాగం కూడ అంతే: తాము కరిగి, వెండిని బయటకు నెట్టివేస్తాయి. అందువల్ల బట్టబయలుగా ఉన్న లోహం తగిలితే చిత్రం మీద మచ్చలు పడటమే కాక, ఖరీదైన వెండి ద్రావణమంతా చెడిపోతుంది. పూర్వం ఇనుపరేకుకు శిలాజతు, అవిసెనూనె కలిపిన నల్లని పూత వేసి కొలిమిలో కాల్చేవారు. ఈనాడు షీల్డులు, పేరు పలకలు చెక్కేవారు వాడే నల్లపూత అల్యూమినియం రేకులు ఆ పనికి వస్తున్నాయి.

కొనేముందు ఒక ముక్కను రెండు విధాల పరీక్షించాలి. ఈథరు, ఆల్కహాలు కలిపిన ద్రవంలో తడిపిన దూదితో పూతను రుద్దాలి. దూదికి నలుపు అంటితే ఆ పూత కొలోడియనుకు ఆగదు. తరువాత కత్తిరించిన అంచు మీద ఒక చుక్క సిల్వర్ నైట్రేటు వేసి చూడాలి. అంచు నల్లబడితే దానికి వార్నిషు పూసి గాని వాడరాదు.

ఇక రసాయనాల సంగతి. హైదరాబాదుకు వాయవ్యపు అంచున ఉన్న బాచుపల్లిలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి ఔషధ సంస్థల కర్మాగారాలున్నాయి. అక్కడ ఉండేవానికి రసాయనాలకేమి కొదువ అనిపించవచ్చు. కాని కర్మాగారం పీపాలతో కొనే సరుకు వేరు, ఛాయాచిత్రకారునికి కావలసిన సీసాడు సరుకు వేరు. ప్రయోగశాలలకు సరఫరా చేసే వ్యాపారుల వద్దనే దీనిని కొనాలి. సీసా చీటీమీద శుద్ధి శ్రేణి, తయారైన తేదీ చూడాలి.

కొలోడియను అంటే నత్రికామ్లంతో మార్చిన ప్రత్తిని ఈథరు, ఆల్కహాలులలో కరిగించిన ద్రవం. ఆ ప్రత్తి ఎండితే భగ్గుమంటుంది. కాబట్టి ఇంట్లో తయారుచేయక, సిద్ధంగా ఉన్న ద్రవాన్నే కొనాలి. ఔషధాలలో ఫ్లెక్సిబుల్ కొలోడియను అని మరొకటి ఉంది. అందులో ఆముదం, కర్పూరం కలుస్తాయి. పుండ్లకు పూయడానికి అది మంచిదే గాని ఫోటోకు తగదు.

ఈ ప్రాంతపు అసలు చిక్కు ఎండ. ఈథరు 34.6 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో వేడి 40 డిగ్రీలకు చేరుతుంది. అంటే గాలే ఈథరును మరిగిస్తుందన్నమాట. ద్రవం రేకంతా పరుచుకోకముందే ఆరిపోతుంది. అందుకే ఉష్ణదేశాలలో పనిచేసినవారు ఈథరు తగ్గించి ఆల్కహాలు పెంచేవారు. తెల్లవారుజామున పనిచేయడం మరొక ఉపాయం. ఈథరు ఆవిరి గాలికన్న బరువైనది. నేలమీదుగా ప్రాకి, దూరాన ఉన్న పొయ్యిని చేరినా అంటుకొంటుంది. పాతబడిన ఈథరులో పేలుడు స్వభావంగల పెరాక్సైడులు చేరతాయి కనుక కొద్దికొద్దిగా కొనడమే క్షేమం.

సిల్వర్ నైట్రేటు బరువులో 63.5 శాతం వెండి. లీటరు ద్రావణానికి సుమారు 90 గ్రాములు పడుతుంది, అందులో 57 గ్రాములు వెండే. దాని ధర వెండి ధరను బట్టి నడవడానికి కారణం ఇదే. దీనికి డిస్టిల్డ్ వాటర్ వాడాలి. కుళాయినీటిలో ఒక చుక్క వేసి చూస్తే నీరు పాలవలె తెల్లబడుతుంది; నీటిలోని క్లోరైడుతో కలిసి వెండి వృథా అవుతున్నదని దాని అర్థం. ఈ ద్రావణం చర్మాన్ని నల్లబరుస్తుంది. కంట పడితే చూపుకే ముప్పు. కళ్ళద్దాలు, చేతితొడుగులు లేకుండా దీనిని ముట్టరాదు.

డెవలపరులో ముఖ్యమైనది ఫెర్రస్ సల్ఫేటు, అంటే మనవారు ఎరిగిన అన్నభేది. లేత ఆకుపచ్చని స్ఫటికాలే మంచివి. గోధుమరంగు తిరిగినవి పనికిరావు. దీనికి కొంత అసిటిక్ ఆమ్లం కలుపుతారు. చిత్రాన్ని స్థిరపరచడానికి పూర్వులు పొటాషియం సైనైడు వాడేవారు. అది చిత్రానికి మెరుపునిచ్చే మాట నిజమే. కాని దానికి ఆమ్లం సోకితే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది, ఆమ్లమేమో ప్రక్క పళ్ళెంలోనే ఉంటుంది. హైపోతో ఆ పని కొంచెం నెమ్మదిగా జరిగినా అపాయం లేదు. సైనైడు ఎక్కడ దొరుకుతుందని వెదకవలసిన అవసరమే లేదు.

చివరకు చిత్రం మీద సాండరాక్ అనే చెట్టుబంకతో గాని, మన లక్కతో గాని చేసిన వార్నిషు పూస్తారు. వాడిన వెండి ద్రావణాన్ని కాలువలో పోయరాదు. ఉప్పు కలిపితే వెండి తెల్లని క్లోరైడుగా అడుగున చేరుతుంది. దానిని దాచి మళ్ళీ వెండిగా మార్చుకోవచ్చు.

ఆర్చర్ కాలంలో ఛాయాచిత్రకారుడు రసాయనజ్ఞుడు కూడ కావలసి వచ్చేది. ఈ పద్ధతిని చేపట్టేవానికి ఈనాటికీ ఆ నియమం మారలేదు. రేకును, సీసాను పరీక్షించి కొన్నవానికి ఈ పాత విద్య ఫలిస్తుంది.