పుర్రె దాటిన ధ్వని

పార్కిన్సన్స్ వ్యాధిలో డోపమిన్ తయారుచేసే మెదడు కణాలు ఏళ్ల తరబడి చనిపోతూ వస్తాయి. కదలికలను అదుపుచేసే నాడీ వలయాలు గతి తప్పుతాయి. ఊరికే ఒళ్లో పెట్టుకున్న చెయ్యి వణుకుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, నడక మందగిస్తుంది. లెవోడోపా మాత్రలే ప్రధాన వైద్యం. మందుకు లొంగని వణుకును మెదడు లోతుల్లోని థాలమస్‌లో ఒక చిన్న చోటును మాడ్చి ఆపవచ్చని సర్జన్లకు 1950ల నుంచే తెలుసు. అక్కడికి చేరడమే కష్టం. పుర్రెకు రంధ్రం పెట్టి మెదడులోకి సూది దించాలి.

సూది లేకుండా ధ్వనితోనే ఆ పని చేయాలని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై సోదరులు పూనుకున్నారు. నాలుగు అల్ట్రాసౌండ్ కిరణాలను ఒకే బిందువులో కలిపే యంత్రం తయారుచేశారు. ఐయోవాలో సర్జన్ రస్సెల్ మేయర్స్‌తో కలిసి 1950ల చివర్లో పార్కిన్సన్స్ రోగులకు దానితో చికిత్స చేశారు. కానీ ఎముక ధ్వనిని పీల్చుకుంటుంది, దారి మళ్లిస్తుంది. అందుకని ముందుగా పుర్రెలో ఒక ముక్క తీయక తప్పలేదు. సూది తప్పింది గానీ కోత తప్పలేదు. 1960ల చివర్లో లెవోడోపా రావడంతో ఈ ప్రయత్నం వెనకబడింది.

ఎముక అడ్డు తొలగడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. మూసి ఉన్న పుర్రె గుండా ధ్వనిని ఒకచోట చేర్చవచ్చని కుల్లెర్వో హైనినెన్, ఫెరెంక్ యోలెష్ 1998లో చూపారు. ఎముక మందం ఎక్కడికక్కడ మారుతుంది కాబట్టి ఒక్కో తరంగం ఒక్కో రకంగా ఆలస్యమవుతుంది. సీటీ స్కాన్‌తో ఆ తేడాను ముందే లెక్కగట్టి, అంతకు సరిపడా తరంగాలను వెనకా ముందుగా వదిలితే అన్నీ ఒకేసారి గురిచోటికి చేరతాయి. ఈ యుక్తే యంత్రానికి ప్రాణం. ఇజ్రాయెల్‌కు చెందిన ఇన్‌సైటెక్ సంస్థ యంత్రంలో బోర్లించిన గిన్నెలాంటి కవచం లోపల 1024 ధ్వని జనకాలు ఉంటాయి.

చికిత్స రోజున రోగికి తల నున్నగా గొరిగిస్తారు. వెంట్రుకల మధ్య గాలి చేరితే ధ్వని ముందుకు పోదు. తలకు చట్రం బిగించి, కవచానికీ చర్మానికీ మధ్య చల్లని నీరు పారిస్తారు. లేకపోతే పుర్రె వేడెక్కుతుంది. రోగి ఎంఆర్‌ఐ యంత్రంలో మెలకువగానే ఉంటాడు. మొదట కొద్దిపాటి వేడి తగిలించి, కాగితం మీద సుడి గీయమంటారు. గీత నిలకడగా వచ్చి, మాట తడబడకుండా, తిమ్మిరి రాకుండా ఉంటే గురి సరిగ్గా కుదిరినట్టే. అప్పుడు ఆ చోటును సుమారు 55-60 డిగ్రీలకు వేడిచేస్తారు. కొన్ని సెకన్లలో కొద్ది మిల్లీమీటర్ల కణజాలం మాడిపోతుంది. ఎంఆర్‌ఐ ఆ వేడిని అప్పటికప్పుడు కొలిచి చూపుతుంది. చాలామందికి బల్ల దిగేసరికే వణికే చెయ్యి కుదురుకుంటుంది.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పార్కిన్సన్స్ వణుకుకు ఈ చికిత్స వాడటానికి 2018లో అనుమతి ఇచ్చింది. మెదడులోని మరో భాగమైన గ్లోబస్ పాలిడస్‌ను గురిగా చేసే పద్ధతికి 2021లో ఇచ్చింది. ఈ చికిత్స వ్యాధిని ఆపదు. డోపమిన్ కణాలు తగ్గుతూనే ఉంటాయి. నడకలో తూలడం, తిమ్మిరి వంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి, ఎక్కువగా తగ్గిపోతాయి. మాడిన చోటు మాత్రం తిరిగి రాదు.

భారత్‌లో కోయంబత్తూరులోని రాయల్ కేర్ ఆసుపత్రి ఈ యంత్రాన్ని తెచ్చుకుంది. చాలా తెలుగు ఊళ్ల నుంచి అది దూరం. ముందు చూడాల్సింది దూరం కాదు, రోగి ఎముక. పుర్రె మరీ గుల్లగా ఉంటే లోపల చాలినంత వేడి పుట్టదు. అలాంటివారికీ, రెండు వైపులా జబ్బు ముదిరినవారికీ మెదడులో తీగ అమర్చే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఉంది. దాన్ని హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో కూడా చేస్తారు. తీగ ద్వారా వెళ్లే విద్యుత్తును తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.