సముద్రం ఒక్కటే, ద్వారాలు రెండు

మన దేశానికి నైరుతి దిక్కున, హిందూ మహాసముద్రంలో మాల్దీవులు ఉన్నాయి. దాదాపు 1,200 పగడపు దీవులు గల ఈ ముస్లిం దేశంలో ప్రజలు నివసించే దీవులు సుమారు 200 మాత్రమే. చేపల వేట, పర్యాటకం అక్కడి ప్రజల ప్రధాన జీవనాధారాలు. 2019లో 17 లక్షల మంది ఆ దేశాన్ని సందర్శించారు. వీపున గాలి సిలిండరు ధరించి సముద్రంలో పగడాల మధ్య విహరించే స్కూబా డైవింగ్ అక్కడి ముఖ్య ఆకర్షణల్లో ఒకటి. కరోనా కాలంలో ఆ వినోదానికి ద్వారాలు ఎలా మూసుకున్నాయో, ఎవరికి ముందుగా తెరుచుకున్నాయో పరిశీలిస్తే మనకు ఆలోచించదగిన విషయాలు కనిపిస్తాయి.

2020 మార్చి 27న మాల్దీవుల ప్రభుత్వం పర్యాటకులకు వీసాలు నిలిపివేసింది. ఏప్రిల్ 15న రాజధాని మాలెలో స్థానికంగా తొలి కేసు బయటపడగానే లాక్‌డౌన్ విధించింది. జూలై 15న సరిహద్దులు తిరిగి తెరిచినా, మొదట అనుమతి లభించింది ప్రధానంగా రిసార్టులకే. గ్రామాలున్న దీవుల్లోని అతిథి గృహాలు అక్టోబరు 15 వరకు, అంటే మరో మూడు నెలలు, వేచి ఉండవలసి వచ్చింది.

ఈ తేడాకు కారణం లేకపోలేదు. అక్కడ సాధారణంగా ఒక రిసార్టుకు ఒక దీవి పూర్తిగా కేటాయించబడి ఉంటుంది. అతిథికి వ్యాధి సోకితే అక్కడే నిలువరించవచ్చు. గ్రామ దీవిలో అలా కాదు. అతిథి నడిచే వీధిలోనే మసీదు, పాఠశాల, దుకాణం ఉంటాయి. చిన్న దీవుల్లో పెద్ద ఆసుపత్రులు ఉండవు. ప్రాణం మీదికి వస్తే సముద్రం దాటి వెళ్ళాలి. వృద్ధులున్న కుటుంబాలకు ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఆ జాగ్రత్త ఖరీదును ఎక్కువగా చెల్లించింది చిన్న అతిథి గృహాల యజమానులు, పడవ నడిపేవారు, డైవింగ్ నేర్పే స్థానిక యువకులు. తక్కువ ఖర్చుతో సముద్రాన్ని చూడగోరే సామాన్య యాత్రికులకూ అదే ద్వారం మూసుకుంది.

నీటి అడుగున ఎవరి గాలి వారిదే కదా, ఇందులో ప్రమాదమేమిటని అనిపించవచ్చు. కానీ డైవర్లు పడవలో భుజం భుజం ఆనించి కూర్చుంటారు. నోట పెట్టుకునే రెగ్యులేటరు తరచుగా అద్దె వస్తువే. కళ్ళద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రుద్దుకోవడం వారిలో పాత అలవాటు. అందుకే పరికరాలను క్రిమిరహితం చేయడం, ఎవరి సామగ్రి వారే తెచ్చుకోవడం ముఖ్యమైన జాగ్రత్తలయ్యాయి.

అంతకన్నా ముఖ్యమైనది ఊపిరితిత్తుల సంగతి. పది మీటర్ల లోతున పీడనం ఉపరితలంలో ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. వ్యాధి వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అది ప్రాణాంతకం కావచ్చు. కనుకనే కరోనా నుండి కోలుకున్నవారు వైద్యపరీక్ష లేకుండా నీటిలోకి దిగరాదని డైవింగ్ వైద్యులు హెచ్చరించారు.

ఆ రెండు ద్వారాల తేడా మనవారికీ అనుభవమైంది. 2020లో మాల్దీవులకు అత్యధికంగా వెళ్ళింది భారతీయులే. మన దేశంలో రెండో ఉధృతి పెరిగినప్పుడు, 2021 ఏప్రిల్ 27 నుండి భారత యాత్రికులు గ్రామ దీవుల్లో బస చేయరాదన్నారు; రిసార్టులకు మాత్రం అనుమతి కొనసాగింది. మే 13న దక్షిణాసియా దేశాల పర్యాటకులకు వీసాలే ఆపివేశారు. జూలై 15న మళ్ళీ అనుమతించారు.

బలహీనుల ప్రాణాలు కాపాడే నిబంధన గౌరవించదగినదే. ఆ నిబంధన వల్ల జీవనోపాధి కోల్పోయినవారిని ఆదుకోవడం కూడా ఆ సమాజం బాధ్యతే. ఇక మన కుటుంబాల్లో ఎవరైనా అటువైపు ప్రయాణం తలపెడితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలని మా మనవి. సముద్రంలోకి దిగేముందు ఊపిరితిత్తుల గురించి వైద్యుణ్ణి సంప్రదించండి. బసకు గ్రామ దీవిలోని ఇంటిని ఎంచుకుంటే, మీరు చెల్లించే సొమ్ము నేరుగా ఒక కుటుంబానికి చేరుతుంది.