పెరటి కోడి వింత గుడ్డు పెడితే భయపడాలా?

పొద్దున్నే గూట్లో చెయ్యి పెడితే పెంకు లేని మెత్తటి గుడ్డు తగులుతుంది. ఇంకో రోజు గోలీకాయంత గుడ్డు. మరో రోజు పగలగొట్టగానే సొన మీద రక్తపు చుక్క. అప్పుడు ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే: ‘ఇది తినొచ్చా?’ అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. కోడికి ఏమైంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడి తెలిపారాలో నాలుగు పెట్టల్ని పెంచుకున్నా, శ్రీకాకుళం పల్లెలో పెంచుకున్నా వాటికి వేసే మేత దాదాపు ఒకటే. నూకలు, తవుడు, మిగిలిన అన్నం. ఇక్కడ నూకల్ని కన్కీ అంటారు, అంతే తేడా. రెండు చోట్లా వేసవి ఎండ కూడా తీవ్రమే. చాలా వింత గుడ్లకు కారణం ఈ మేతలో, ఈ ఎండలోనే దొరుకుతుంది.

గుడ్డు తయారయ్యేది ఇలా

సాధారణంగా పెట్టకు ఎడమవైపు అండాశయం, అండవాహిక మాత్రమే పనిచేస్తాయి. అండాశయం నుంచి విడుదలైన పచ్చసొన గరాటు లాంటి భాగంలో పడి, అక్కడ పావుగంట నుంచి అరగంట ఉంటుంది. తర్వాత సుమారు 3 గంటల్లో తెల్లసొన చేరుతుంది. మరో గంటకు పైగా పట్టి పెంకు కింది పల్చటి పొరలు ఏర్పడతాయి. చివరి మజిలీ పెంకు గ్రంథి. అక్కడే దాదాపు 20 గంటలు గడుస్తాయి. మొత్తం 24 నుంచి 26 గంటల పని. గుడ్డులో లోపం ఎక్కడుందో గమనిస్తే, తేడా ఏ మజిలీలో వచ్చిందో అంచనా వేయొచ్చు.

కంగారు పడనక్కర్లేనివి

రెండు పచ్చసొనలు దాదాపు ఒకేసారి విడుదలైతే జంట సొనల గుడ్డు వస్తుంది. కొత్తగా గుడ్లకు వచ్చిన పెట్టల్లో ఇది ఎక్కువ. సొన లేకుండా, కణజాలపు ముక్క చుట్టూ తెల్లసొన, పెంకు ఏర్పడితే అది గోలీకాయంత గుడ్డు. రక్తపు చుక్క సొన విడుదలయ్యేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లడం వల్ల వచ్చేదే. పిల్ల తయారవుతోందనడానికి అది గుర్తు కాదు.

సొన లేని గుడ్డును పుంజు పెట్టిందని యూరప్‌లో ఒకప్పుడు నమ్మేవారు. గుడ్డు పెట్టిందన్న నేరం మోపి 1474లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక కోడిని విచారించి, కాల్చేశారు. పెట్ట కూస్తే అరిష్టమనే నమ్మకం మన దగ్గరా ఉంది. నిజానికి ఎడమ అండాశయం దెబ్బతిన్నప్పుడు హార్మోన్లు మారి కొన్ని పెట్టలకు తురాయి పెరుగుతుంది, కూత కూడా వస్తుంది. అది జబ్బు, అపశకునం కాదు.

తోలు గుడ్డు ఎందుకు?

ఒక్క గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. నూకల్లో, తవుడులో అది నామమాత్రమే. మేతలో దొరకకపోతే పెట్ట తన ఎముకల నుంచి తీసి పెంకుకు ఇస్తుంది. ఆ నిల్వ తరిగితే పెంకు పల్చబడుతుంది, ఆపై తోలు గుడ్లు మొదలవుతాయి. పెట్ట కాళ్లూ బలహీనపడతాయి.

రెండో కారణం ఎండ. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగపోస్తుంది. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకు తయారీకి కావాల్సిన కార్బొనేట్ తగ్గుతుంది. పైగా వేడికి మేత కూడా సరిగా తినదు.

ఆలిచిప్పల పొడినో, కాల్చి నలిపిన గుడ్డు పెంకులనో వేరే గిన్నెలో పెట్టండి. అవసరమైన పెట్ట అదే తింటుంది. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది కనుక సాయంత్రం అది అందుబాటులో ఉండాలి. పిల్లల మేతలో మాత్రం కలపొద్దు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వేసవిలో నీడ, చల్లటి నీళ్లు, తెల్లవారుజామున, సాయంత్రం మేత తప్పనిసరి.

మందంతా మారితే

ఒక పెట్ట ఒకసారి తోలు గుడ్డు పెడితే వదిలేయొచ్చు. నాలుగైదు పెట్టలు ఒకేసారి ముడతల గుడ్లు, నీళ్లలాంటి తెల్లసొన ఉన్న గుడ్లు పెడితే, లేదా గుడ్లు ఆపేస్తే అంటువ్యాధిని అనుమానించాలి. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ అండవాహికను దెబ్బతీస్తుంది. కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్, గుడ్లను తగ్గించి తర్వాత ప్రాణం తీస్తుంది. దీనికి టీకా ఉంది.

బర్డ్ ఫ్లూలోనూ గుడ్లు తగ్గడం, పెంకు మెత్తబడటం కనిపిస్తాయి. వెంటనే వరస మరణాలు రావచ్చు. 2025 ఆరంభంలో ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్న రాయగఢ్ ప్రభుత్వ కోళ్ల ఫారంలో, ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో ఈ వ్యాధి బయటపడింది. అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారి హెచ్5ఎన్1 సోకి మరణించింది. అందుకే కోళ్లు వరసగా చనిపోతుంటే కోసుకు తినడం, చుట్టుపక్కల పంచడం, కాలువలో పడేయడం చేయకూడదు. పశువైద్యశాఖకు చెప్పాలి.

ఆలస్యం చేయకూడనివి

పెట్ట తోక వాల్చి, నిటారుగా నిలబడి, పదేపదే ముక్కుతూ మేత మానేస్తే గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట కూర్చోబెట్టి, చీకటిగా ఉన్న ప్రశాంతమైన చోట ఉంచండి. లోపల గుడ్డును పగలగొట్టే ప్రయత్నం వద్దు. కొన్ని గంటల్లో రాకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అండవాహిక బయటికి జారితే ఆ పెట్టను వెంటనే వేరు చేయాలి, లేకపోతే మిగతావి పొడిచి చంపేస్తాయి. పొట్ట ఉబ్బడం, గుడ్డు బదులు జున్నులాంటి చీముగడ్డ పడటం లోపలి ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు.

ఈ జబ్బులకు మనిషి చేసిన ఎంపిక కూడా ఒక కారణమే. కోడికి పూర్వీకురాలైన ఎర్ర అడవికోడి ఏడాదికి పది, పదిహేను గుడ్లు పెడుతుంది. వాణిజ్య లేయర్ 300 దాటుతుంది. ఆ భారమంతా మోసేది ఒక్క అండవాహికే.

ఇక తినడం సంగతి

జంట సొన, రక్తపు చుక్క ఉన్న గుడ్లను బాగా ఉడికించి తినొచ్చు. పెంకు లేని గుడ్డులోకి సూక్ష్మక్రిములు తేలిగ్గా చేరతాయి కనుక పారేయడమే మేలు. జబ్బు పెట్ట గుడ్లు, యాంటీబయాటిక్ వాడుతున్న పెట్ట గుడ్లు వైద్యుడు చెప్పిన గడువు ముగిసేదాకా తినొద్దు. దుకాణంలో అడిగి తెచ్చిన మాత్రలు సొంతంగా వేయొద్దు. కొలిస్టిన్ అనే కీలక యాంటీబయాటిక్‌ను ఆహార జంతువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది. మనుషులకు చివరి అస్త్రంగా మిగిలిన మందు పనిచేయకుండా పోతుందన్న భయమే అందుకు కారణం.

ఏ పెట్ట ఏ రోజు ఎలాంటి గుడ్డు పెట్టిందో క్యాలెండర్‌లో గీత పెట్టుకుంటే చాలు. ఒక్క గీత అయితే పట్టించుకోనక్కర్లేదు. వారంలో మూడు గీతలు పడితే మేత, ఎండ సంగతి చూడాలి. చాలా పెట్టలకు ఒకేసారి గీతలు పడితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి ఫోన్ చేయాలి.