ఎక్స్‌రేకు అందని కీళ్ళవాతం

నాటు వేయాలన్నా, కలుపు తీయాలన్నా, రొట్టె చేయాలన్నా చేతివేళ్ళు ఆడాలి. పొద్దున లేచేసరికి ఆ వేళ్ళే బిగుసుకుపోతే? గంట గడిచినా పిడికిలి పట్టరాకపోతే? రెండు చేతుల కణుపులూ వాస్తే?

చాలామంది "వాతం చేసింది" అని ఊరుకుంటారు. నొప్పి బిళ్ళ మింగి కూలికి పోతారు. కాని ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం కావచ్చు. ఇది ముసలివాళ్ళకే రాదు. ముప్పై, నలభై ఏళ్ళకే రావచ్చు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు రెండు, మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

కీలులో ఏం జరుగుతుంది?

మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఉంటుంది. ఈ జబ్బులో ఆ శక్తి దారి తప్పుతుంది. సొంత కీళ్ళ మీదే పడుతుంది. కీలు లోపల ఒక పలుచని పొర ఉంటుంది. ముందు ఆ పొర వాస్తుంది. తర్వాత అది మందమై పక్కనున్న ఎముకను తినేస్తుంది. ఎముకకు గుంటలు పడతాయి. వేళ్ళు వంకరపోతాయి. అట్లా వంకరపోయిన వేలు మందులతో తిరిగి చక్కబడదు.

ఎక్స్‌రే ఏం చూపుతుంది?

1895లో జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేను కనిపెట్టాడు. తన భార్య చేతికి ఎక్స్‌రే తీశాడు. అందులో ఆమె వేళ్ళ ఎముకలు, ఉంగరం స్పష్టంగా కనిపించాయి. ఈనాటికీ అంతే. ఎక్స్‌రే ఎముకను బాగా చూపుతుంది. వాచిన పొరను సరిగ్గా చూపలేదు.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్టనే తీసుకోండి. ఏ కట్టకైనా గండి పడితే దూరం నుంచే కనిపిస్తుంది. గండికి ముందు ఊరే చెమ్మ దగ్గరికి పోయి చూస్తేనే తెలుస్తుంది. ఎక్స్‌రే గండిని చూపుతుంది. చెమ్మను చూపే పరీక్షలు వేరే ఉన్నాయి.

అల్ట్రాసౌండ్: కడుపుతో ఉన్నవాళ్ళకు తీసే స్కానింగు ఇదే. దీన్ని వేళ్ళకు, మణికట్టుకు కూడా తీస్తారు. పొర వాపు, కీలులో చేరిన నీరు కనిపిస్తాయి. డాప్లర్ అనే పద్ధతిలో పొరలోకి రక్తం ఎక్కువగా పారడం తెలుస్తుంది. అంటే జబ్బు లోపల రగులుతున్నదన్నమాట.

ఎంఆర్ఐ: ఇది పెద్ద అయస్కాంతంతో పనిచేస్తుంది. గుంట పడకముందే ఎముక లోపలి వాపును చూపుతుంది. ఖర్చు ఎక్కువ. అందరికీ అవసరం రాదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

స్కానింగుతోనే అంతా తేలదు. డాక్టరు కీళ్ళను నొక్కి చూస్తారు. రక్తపరీక్షలు చేయిస్తారు.

త్వరగా ఎందుకు పోవాలి?

నొప్పి బిళ్ళ నొప్పినే తగ్గిస్తుంది. ఎముక అరగడాన్ని ఆపదు. ఆపే మందులు వేరే ఉన్నాయి. వాటిని మొదట్లోనే వాడితే చేతులు నిలుస్తాయి. వాటిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. గర్భిణులు వాడకూడదు. డాక్టరు చెప్పకుండా ఎవరూ కొనరాదు.

వాపు ఆరు వారాలు దాటితే ఇక ఆగవద్దు. అంతకు ముందే చూపించుకుంటే ఇంకా మేలు. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ దవాఖానలో ఈ జబ్బులకు రుమటాలజీ విభాగం ఉంది. ఎక్స్‌రే బాగుందన్నా వాపు తగ్గకపోతే "స్కానింగు అవసరమా?" అని డాక్టరును అడగండి. అడగడం తప్పు కాదు.

చర్చించండి

1. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే జబ్బు లేనట్టేనా?
2. నొప్పి బిళ్ళకూ, జబ్బును ఆపే మందుకూ తేడా ఏమిటి?
3. మీ వాడలో వేళ్ళు బిగుసుకుపోయేవాళ్ళు ఉన్నారా? వాళ్ళకు ఏం చెబుతారు?